రెట్రో రాత్రి డీజే పాఠాలు – 6: జారిపోయే బీటు

పోయిన పాఠంలో గ్రిడ్ (పాట మీద సాఫ్ట్‌వేర్ గీసే బీటు గీతలు) గురించి చెప్పాక అందరూ ఒకే పని చేశారు. పాటలన్నీ సాఫ్ట్‌వేర్‌లో వేసి అనలైజ్ కొట్టారు, రెండు డెక్కుల మీదా సింక్ (రెండు పాటల వేగం దానంతటదే కలిపే బటన్) లైటు వెలిగించారు, ఒక పాట నుంచి ఇంకోదానికి మార్చే క్రాస్‌ఫేడర్ మధ్యలో పెట్టారు. మొదటి పది సెకన్లు బాగుంది. ఆ తర్వాత గుర్రపు డెక్కల చప్పుడు మొదలైంది.

వచ్చిన ఫిర్యాదులు మూడు రకాలు. సింక్ లైటు వెలుగుతూనే ఉంది, బీటు మాత్రం విడిపోయింది. పాట మొదట్లో గ్రిడ్ సరిగ్గా కూర్చుంది, చివరికొచ్చేసరికి గీత ఒకచోట, కిక్కు (డ్రమ్స్‌లో బరువైన దెబ్బ) ఇంకోచోట. కాలు 96 బీపీఎం (నిమిషానికి బీట్లు) అంటోంది, తెర 144 అంటోంది. మొదటి రెండూ ఒకే జబ్బు. మూడోది వేరు, దానికి విడిగా చాలాసేపు కూర్చోవాలి. ఇవాళ అనుకున్న మైకు పాఠం అందుకే వెనక్కి వెళ్ళింది.

ఐదో పాఠంలో ఒక ముక్క వదిలేశాను, ఆ తప్పు నాదే. గ్రిడ్ అనేది స్కేలు. ఒక అంకె తీసుకుని పాట పొడుగునా సమాన దూరంలో గీతలు గీస్తుంది. ఇప్పటి పాటలు కంప్యూటర్‌లో అదే గీతల మీద కట్టినవి కాబట్టి సరిపోతుంది. 1980ల మధ్య దాకా వచ్చిన మన సినిమా పాటల్లో ఎక్కువభాగం మద్రాసు స్టూడియోల్లో వాద్యబృందం అంతా కలిసి కూర్చుని వాయించినవి. తాళం పట్టింది మనుషులు. వయొలిన్లు విడిచి పల్లవి అందుకునేచోట, డ్రమ్మర్ ఫిల్ (మధ్యలో గబగబా వాయించే ముక్క) కొట్టేచోట పాట కొంచెం ముందుకు తోసుకుపోతుంది. వింటుంటే అదే ఊపు. గ్రిడ్‌కి మాత్రం అది తప్పు.

పాట నిజంగా జారుతోందా, లేక మీ అంకె మాత్రమే తప్పా అన్నది ముందు తేల్చుకోవాలి. మొదటి కిక్కు మీద గ్రిడ్ గీత కూర్చోబెట్టండి. వేవ్‌ఫార్మ్‌ని (తెర మీద పాట శబ్దం బొమ్మని) బాగా పెద్దది చేసి ఒకటో నిమిషం, రెండో నిమిషం, మూడో నిమిషం దగ్గర గీతకీ కిక్కుకీ మధ్య ఎడం చూడండి. ఎడం ఒకే వైపు, ఒక పాలు, రెండు పాళ్ళు, మూడు పాళ్ళుగా పెరుగుతుంటే పాట స్థిరంగానే ఉంది, అంకె తప్పు. మూడు నిమిషాలకి పావు బీటు ఎడం వచ్చిందంటే తప్పు 0.08 బీపీఎం మాత్రమే. కిక్కు గీతకన్నా ముందే వస్తుంటే అంకె పెంచండి, వెనక వస్తుంటే తగ్గించండి. అయిపోయింది. ఎడం ఒకసారి పెరిగి, ఒకసారి తగ్గి, మళ్ళీ అటువైపు పోతుంటే అది జారే పాట. దానికి ఒక్క అంకె ఎప్పటికీ సరిపోదు, ఎంతసేపు సరిచేసినా.

డ్రమ్ మెషీన్ మీద కట్టిన పాట జారదు. లిన్ ఎల్ఎం-1, రోలాండ్ టీఆర్-808 రెండూ 1980లో వచ్చినవే, కాబట్టి ఆ దశకం పాటల్లో రెండు రకాలూ కలిసే ఉంటాయి. చప్పట్ల శబ్దం ప్రతిసారీ అచ్చుగుద్దినట్టు ఒకేలా వస్తే మెషీన్ అని అనుమానించండి. అయినా గీత పరీక్ష మానకండి.

ఇప్పుడు జారుడు ఎంత ప్రమాదమో లెక్క వెయ్యండి. 120 బీపీఎంలో ఒక బీటు 500 మిల్లీసెకన్లు. 119లో 504. అంటే బీటుకి 4 మిల్లీసెకన్ల తేడా. ఎనిమిది బీట్లకి 33. రెండు కిక్కుల మధ్య 30 దాటితే చెవి వాటిని రెండుగా వినడం మొదలెడుతుంది. కాబట్టి ఒక్క బీపీఎం తేడా ఉన్న రెండు పాటల్ని మీరు ముట్టుకోకుండా నడపగలిగేది ఎనిమిది బీట్లు, నాలుగు సెకన్లు. అర బీపీఎం తేడా అయితే పదహారు. ఒక బీపీఎం తేడాతో అర నిమిషం వదిలేస్తే సరిగ్గా అర బీటు ఎడం వస్తుంది, అది అన్నిటికన్నా ఘోరమైన చోటు. పాత పాటల మధ్య ముప్పై రెండు బార్ల (సంగీతంలో బార్ అంటే నాలుగు బీట్లు) పొడుగు మిక్స్ చెయ్యాలనే కోరిక హౌస్ మ్యూజిక్ వీడియోలు చూసి పుట్టింది. బార్‌లో రెట్రో రాత్రికి దాని అవసరం లేదు. రెండో పాట మొదటి మూడు సెకన్లలో ఏ పాటో జనానికి తెలియాలి, వాళ్ళు కేక వెయ్యాలి. పొడుగు మిక్స్ ఆ కేకని తినేస్తుంది.

కొలత ఇలా. పాటలో మూడుచోట్ల, అంటే పల్లవి మొదట్లో, మొదటి చరణం అయ్యాక, చివరి పల్లవిలో, 64 బీట్లకి ఎంత సమయం పట్టిందో చూడండి. 3840ని ఆ సెకన్లతో భాగిస్తే బీపీఎం. 32.5 సెకన్లు పడితే 118.2, 32 పడితే 120, 31.8 పడితే 120.8. స్టాప్‌వాచ్ వద్దు, వేలు పదో వంతు సెకను తప్పినా 0.4 బీపీఎం పోతుంది. హాట్ క్యూ (పాటలో ఒక చోటుకి పెట్టే గుర్తు) ఒకటి మొదటి కిక్కు మీద, ఇంకొకటి అరవై నాలుగు బీట్ల తర్వాతి కిక్కు మీద పెట్టి, రెండింటి సమయం తీసివెయ్యండి. లెక్కపెట్టేటప్పుడు మొదటి కిక్కుని సున్నా అనండి. ఒకటి అని మొదలుపెట్టి అరవై నాలుగు దగ్గర ఆపితే మధ్యలో ఉన్నవి అరవై మూడు ఖాళీలే, 120 పాట 121.9 అని చూపిస్తుంది.

కొలిచింది పుస్తకంలో రాసుకోండి. ఫోన్లో కాదు. చీకట్లో ఫోన్ తెర వెలుగు కళ్ళలో కొడుతుంది, పైగా అదే సమయానికి ఫోన్ మోగుతుంది. ఒక పాటకి ఒక వరస: మొదట 118, మధ్యలో 119.5, చివర 121, బయటికి 3:42 దగ్గర డ్రమ్స్ మాత్రమే ఎనిమిది బీట్లు. ఈ వరస ఉంటే గ్రిడ్ లేకపోయినా పని జరుగుతుంది.

ఇక 144 సంగతి.

ఇది నన్ను నిజంగా విసిగించే తప్పు, ఎందుకంటే మన పాటలు వాయించే మనమే దీన్ని గుర్తుపట్టాలి, యంత్రం గుర్తుపట్టదు. మన జానపద నడకలో, తీన్మార్‌లో, సగం మాస్ పాటల్లో ఒక్కో బరువైన దెబ్బ కింద మూడు చిన్న దెబ్బలుంటాయి. తకిట తకిట. తిస్రం. డిస్కోలో నాలుగు: తకధిమి తకధిమి. చతురశ్రం. సాఫ్ట్‌వేర్‌ని తయారుచేసినవాళ్ళు తకధిమి మనుషులు. దానికి మూడేసి చిన్న దెబ్బలు వినిపించినా రెండేసి కట్టలు కట్టడానికే చూస్తుంది. 96 నడకలో నిమిషానికి చిన్న దెబ్బలు 288. వాటిని రెండేసిగా కడితే 144. పాట 96లో నడుస్తోంది, తెర 144 అంటోంది. రెండింటి మధ్య నిష్పత్తి మూడుకి రెండు.

మీరేం చేశారు? సగం బటన్ నొక్కారు. 72 వచ్చింది. అదీ తప్పే, పైగా ఇప్పుడు రెండు తప్పులు. గ్రిడ్ పలకలో రెట్టింపు, సగం బటన్లు ఉంటాయి, మూడుకి రెండు అనే బటన్ మీద ఆశ పెట్టుకోవద్దు. అంకె చేత్తో టైపు చెయ్యాలి, లేదా ట్యాప్ బటన్ మీద బరువైన దెబ్బలే కొట్టాలి. తెర 138 అంటే 92. 141 అంటే 94. 144 అంటే 96. 150 అంటే 100. 156 అంటే 104. 162 అంటే 108. ఇప్పటికే సగం నొక్కి చెడగొట్టుకున్నవాళ్ళు నాలుగు బై మూడుతో గుణించండి: 69 అయితే 92, 72 అయితే 96, 75 అయితే 100, 78 అయితే 104.

ఇది నిజంగా తిస్రమా, లేక పాటే 144 వేగంలో ఉందా అని ఎలా తెలుస్తుంది? మెట్రోనోమ్ క్లిక్ పెట్టి పాట నడపండి. మూడు క్లిక్కుల్లో ఒక్కటే బరువైన దెబ్బ మీద పడి, మిగతా రెండూ సందుల్లో పడుతుంటే అది తిస్రం, అంకె తప్పు. ప్రతి క్లిక్కూ ఏదో ఒక గట్టి దెబ్బ మీద పడుతుంటే చతురశ్రం, అంకె సరే, మహా అయితే సగమో రెట్టింపో. క్లిక్ లేకుండా కూడా తేలుతుంది. పాటతోపాటు నోటితో తకిట అనండి. నాలుక తడబడకుండా పోతే తిస్రం. తకధిమి పోతే చతురశ్రం. రెండూ పోతున్నాయంటే మీరు పాట వినకుండా మీ నోరు వింటున్నారు.

సరే, 96 అని దిద్దారు. ఇప్పుడు దాన్ని 96లో ఉన్న ఇంకో చతురశ్రం పాటతో కలిపేద్దామా? ఆగండి. బరువైన దెబ్బలు కలుస్తాయి, నిజమే. కానీ సందుల్లో ఒకటి మూడు ముక్కలు, ఇంకొకటి నాలుగు ముక్కలు. హై-హ్యాట్లు ఒకదానిమీద ఒకటి రాసుకుంటాయి. డబ్బాలో గోళీలు పోసి ఊపినట్టుంటుంది. దిద్దకుండా 144గానే వదిలేసి నిజమైన 144 పాటతో కలిపితే ఇంకా విచిత్రం: చిన్న దెబ్బలన్నీ చక్కగా కలుస్తాయి, తెర మీద అంతా పచ్చగా ఉంటుంది, నేల మీద జనం కాళ్ళు తడబడతాయి. బరువు ఎక్కడ వెయ్యాలో వాళ్ళకి అర్థం కాదు. లైట్లు చూసే డీజేకి ఇది ఎప్పటికీ తెలియదు.

దారి ఒకటే. తిస్రం పాటలు మూడో నాలుగో ఒక గుత్తిగా పెట్టుకోండి. వాటిలో వాటిని కలపడం తేలిక. గుత్తిలోకి వెళ్ళేటప్పుడు, బయటికొచ్చేటప్పుడు కోత వెయ్యండి (ఒకటి ఆపి వెంటనే ఇంకోటి), మిక్స్ కాదు. తప్పదు అనుకుంటే వచ్చే పాటకి హై, మిడ్ నాబులు పూర్తిగా తగ్గించేసి, నాలుగు బరువైన దెబ్బలు మాత్రం పక్కపక్కన వినిపించి, ఐదో దెబ్బకి పాతది మూసెయ్యండి. ఇంకో మాట, హైదరాబాద్ బార్లలో ఆడించేవాళ్ళకి: తీన్మార్ గుత్తి మొదటి గంటలో వెయ్యకండి. ఒకసారి ఆ అడుగు పడ్డాక 110లో నడిచే డిస్కో చల్లారిన చాయ్‌లా ఉంటుంది. మళ్ళీ పైకి తేవడానికి అరగంట పడుతుంది.

మళ్ళీ జారే పాటలకి వద్దాం. జారే పాటని లోపలికి తెచ్చేటప్పుడు మందు చిన్నది: లోపలికొచ్చే మొదటి 32 బీట్లకే గ్రిడ్ సరిచెయ్యండి, మిగతాది గాలికి వదిలెయ్యండి. పాట పూర్తిగా లోపలికొచ్చి పాతది మూసిన క్షణాన సింక్ ఆపండి. ఆపకపోతే ఆ తర్వాత వచ్చే పాట ఈ పాట తప్పు గ్రిడ్‌ని పట్టుకుని వేలాడుతుంది.

రెకార్డ్‌బాక్స్ అనే డీజే సాఫ్ట్‌వేర్‌లో అనాలిసిస్‌ని డైనమిక్‌కి మారిస్తే గ్రిడ్ జారుడు వెంట వంగుతుంది కదా అని అడుగుతారు. వంగుతుంది. డ్రమ్స్ ఉన్నంతసేపు బాగానే వంగుతుంది. వయొలిన్లు, వేణువు మాత్రమే ఉన్న ఇంటర్‌లూడ్‌లో దానికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు, ఊహించి గీతలు గీస్తుంది. డైనమిక్ వాడితే ఇంటర్‌లూడ్లు కళ్ళతో చూసి దిద్దండి. ఇంకా ముఖ్యం, స్థిరమైన పాటని మాస్టర్ (వేగం నిర్ణయించే పాట) చెయ్యండి, జారేదాన్ని దానికి సింక్ చెయ్యండి. తిరగేస్తే మెషీన్ మీద కట్టిన గట్టి పాట కూడా ముసలి డ్రమ్మర్ వెంట ఊగుతుంది.

బయటికి రావడమే అసలు కష్టం. 1970ల మధ్యలో వచ్చిన పన్నెండు అంగుళాల డిస్కో రికార్డుల్లో డీజేల కోసమే డ్రమ్స్ మాత్రమే నడిచే భాగాలు పొడుగ్గా పెట్టేవాళ్ళు. సినిమా పాటకి ఆ సుఖం లేదు. వయొలిన్లతో మొదలై పల్లవితో ముగుస్తుంది, లేదా శబ్దం సన్నబడి పోతుంది. కాబట్టి ఆ డ్రమ్స్ భాగాన్ని మీరే కట్టుకోవాలి: నాలుగు బీట్ల లూప్.

లూప్ జారదు. అదే నాలుగు బీట్లు మళ్ళీ మళ్ళీ వస్తాయి కాబట్టి దాని వేగం రాయిలా నిలబడుతుంది. ఇది కొత్త తెలివేమీ కాదు. బీ జీస్ 1977లో విడుదల చేసిన ‘స్టేయిన్ అలైవ్’లో డ్రమ్స్ పాట పొడుగునా ఎవరూ వాయించలేదు. డ్రమ్మర్ అందుబాటులో లేకపోవడంతో తమదే ‘నైట్ ఫీవర్’ నుంచి రెండు బార్లు టేపు మీద కోసి, చుట్టగా అతికించి తిప్పారు. రికార్డు మీద డ్రమ్మర్ పేరు సరదాకి బెర్నార్డ్ లూప్ అని వేశారు. అందుకే ఆ పాట అంత వయసున్నా 104 దగ్గర కదలకుండా ఉంటుంది, సాధనకి మంచిది.

మీ లూప్‌కి కావలసింది గొంతు లేని నాలుగు బీట్లు. ఇన్ బటన్ కిక్కు మీద, ఔట్ బటన్ అయిదో కిక్కు మొదలయ్యే క్షణాన. ఇక్కడ క్వాంటైజ్ ఆపండి. ఆపకపోతే బటన్ మీ వేలి మాట వినదు, తప్పుగా ఉన్న గ్రిడ్ గీత మీదికి దూకుతుంది, లూప్ కుంటుతుంది. కుంటు ఎలా ఉంటుందంటే ప్రతి నాలుగో బీటు తర్వాత మెట్టు తప్పినట్టు. 104 వేగంలో నాలుగు బీట్లు 2.31 సెకన్లు, 120లో సరిగ్గా 2. మీ లూప్ పొడుగు ఆ అంకెకి 0.02 సెకను అటూఇటూ దాటితే తీసేసి మళ్ళీ వెయ్యండి. బాగా కుదిరిన లూప్‌ని ఇంట్లోనే సేవ్ చేసుకోండి. బార్‌లో రాత్రి పదకొండుకి కొత్త లూప్ కట్టే సాహసం వద్దు.

లూప్ మీద ఉన్నంతసేపు వేగం మార్చే స్వేచ్ఛ ఉంది, గొంతు లేదు కాబట్టి ఎవరికీ తెలియదు. గొంతు ఉన్నప్పుడు మాత్రం వేగం మార్చే టెంపో ఫేడర్ రేంజి ప్లస్ మైనస్ 6లో పెట్టి 3 దాటకండి. మాస్టర్ టెంపో (వేగం మారినా స్వరం మారకుండా పట్టే బటన్) ఆపి ఉంటే 6 శాతానికి దాదాపు అర స్వరం పైకి పోతుంది. బాలు గొంతు, జానకి గొంతు జనం చెవుల్లో అచ్చయి ఉన్నాయి. టేబుల్ దగ్గర తాగుతూ కూర్చున్నవాళ్ళు కూడా తల ఎత్తి చూస్తారు. మాస్టర్ టెంపో పెట్టినా నెమ్మది చేస్తే గొంతు కింద ఇసుక రాలినట్టు ఉంటుంది. పెంచడంకన్నా తగ్గించడం ఎక్కువ తెలుస్తుంది. 104 నుంచి 118కి వెళ్ళాలంటే పదమూడు శాతం, అది టెంపో ఫేడర్ పని కాదు. ఎకో వేసి పాత పాట ఆపి, ఒక్క క్షణం ఖాళీ వదిలి కొత్తది మొదటి నుంచి వెయ్యండి. బార్‌లో ఆ క్షణం నిశ్శబ్దం తప్పు కాదు, జనం తిరిగి చూస్తారు.

శబ్దం మట్టం గురించి రెండే ముక్కలు. పాత పాట మట్టం తక్కువ ఉంటే ట్రిమ్ (ఆ ఒక్క డెక్కు శబ్దం నాబు) పెంచండి, మాస్టర్ వాల్యూమ్ కాదు. తక్కువ ఉన్న బాస్‌ని ఈక్యూతో లాగకండి, లేని బాస్ రాదు, డబ్బాలాంటి మోత వస్తుంది. మోనో పాటని స్టీరియోలా నకిలీ చేసిన ఫైళ్ళు కొన్ని తిరుగుతుంటాయి. చాలా బార్లలో స్పీకర్లు మోనోగా కట్టి ఉంటాయి, వాటి మీద ఆ ఫైలు వేస్తే గొంతు సగం మాయమవ్వచ్చు. ఇంట్లో మిక్సర్‌ని మోనోకి తిప్పి ఒకసారి విని తీసుకెళ్ళండి.

సాధన. ఈసారి ఎక్కువే.

పన్నెండు పాటలు తీసుకోండి: నాలుగు డ్రమ్ మెషీన్‌వి, ఐదు జారేవి, మూడు తిస్రం. మెషీన్ పాటలు దొరక్కపోతే చరణ్‌జిత్ సింగ్ 1982లో టీఆర్-808 డ్రమ్స్ మీద సింథసైజర్‌తో రాగాలు వాయించి చేసిన రికార్డు వెతకండి. ఒక ట్రాక్ పొడుగునా వేగం కదలదు, రెండో డెక్కుకి అంతకన్నా మంచి గోడ దొరకదు. పన్నెండింటికీ మూడుచోట్ల 64 బీట్లు కొలిచి పుస్తకంలో వరసలు రాయండి. ముప్పై ఆరు కొలతలు. మూడు గంటలు పడుతుంది.

తర్వాత సింక్ బటన్ల మీద కరెంటు టేపు అంటించండి. తిస్రం పాటలు పక్కన పెట్టి, మిగతా తొమ్మిదిలోంచి వేగం 3 శాతం లోపు తేడా ఉన్న జతలు ఆరు కట్టండి. ఒక పాట రెండు జతల్లో వచ్చినా ఫరవాలేదు. ప్రతి జతలో జారే పాట ఒకటి ఉండాలి. బయటికెళ్ళే పాటని నాలుగు బీట్ల లూప్‌లో పెట్టి, లోపలికొచ్చేదాన్ని పదహారు బీట్లు పక్కన నడిపి, జాగ్ వీల్‌తో (డెక్కు మీది చక్రంతో) మాత్రమే సరిచేస్తూ మార్చండి. అన్నీ రికార్డు చెయ్యండి. వెంటనే వినకండి. మర్నాడు ఉదయం, చిన్న స్పీకర్‌లో, వేరే పని చేసుకుంటూ వినండి. పని మధ్యలో తల పైకెత్తిన ప్రతి చోటూ తప్పు కింద లెక్క. ఆరు జతల్లో ఐదైనా తప్పు లేకుండా రాకపోతే కొత్త జతలు వద్దు, అవే జతలు మళ్ళీ చెయ్యండి. తిస్రం మూడింటికీ జత అక్కర్లేదు. వాటి పక్కన తెర చూపిన అంకె, మీరు దిద్దిన అంకె రాసి ఉంచండి, ఏడో పాఠం మొదట్లో అవి కావాలి.